తొండ గుడ్డు ఎందుకు తిప్పకూడదంటే

నాకు అప్పుడు పదేళ్లు ఉంటాయి. పాకాల దగ్గర మా మామిడితోటలో చెట్లకు పాదులు తీస్తా ఉంటే మా నాయన పార కింద తెల్లగా ఏవో బయటపడినాయి, చెనక్కాయ పప్పు కంటే కొంచెం పెద్దవి, మెత్తగా, నొక్కితే సొట్టపడేట్టు ఉన్నాయి. మా అవ్వ దూరం నుంచే "పాము గుడ్లురా, ముట్టుకోవద్దు" అని కేకలు. నాయన ఒకటి చేతిలోకి తీసుకుని చూసి "పాముది కాదులే అమ్మా, తొండది" అని తేల్చేసి మళ్లా పనిలో పడిపోయినాడు. నేను ఊరుకోకుండా లెక్కపెట్టి 14 గుడ్లనూ ఒక బిస్కెట్ డబ్బాలో ఇసక పోసి ఇంటికి తెచ్చుకున్నా. మా ఇంట్లో పొదిగే కోడి రోజూ ముక్కుతో గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తా ఉండేది, అది చూసి నేనూ బడికి పోయే ముందు ఒకసారి, వచ్చినాక ఒకసారి అన్నిటినీ శ్రద్ధగా తిప్పేవాణ్ణి. పది రోజులు తిరక్కముందే ఒక్కొక్కటీ లోపలికి కుంగి, పసుపుపచ్చగా తిరిగి, వాసన మొదలైంది. మా అవ్వ డబ్బాతో సహా దిబ్బలో పారేసింది.

చానా ఏళ్లు వేడి చాల్లేదేమో, ఇసక తప్పేమో అనుకుంటా ఉన్నా. అసలు తప్పు తిప్పడమే అయ్యుండాల. కోడిగుడ్డు పగలగొట్టి గిన్నెలో వేసినప్పుడు పచ్చసొనకు రెండు పక్కలా పురి పెట్టిన దారంలాంటి తెల్లటి ముక్కలు కనపడతాయి కదా, అవి పచ్చసొనను ఊయల కట్టినట్టు మధ్యలో పట్టుకోని ఉంటాయి, గుడ్డు ఎటు దొర్లినా పచ్చసొన తనంతట తాను తిరిగి పిండం ఉండే వైపు పైకొచ్చేస్తుంది. తొండ, పాము, తాబేలు, మొసలి గుడ్లలో ఆ తాళ్లు ఉండవు. గుడ్డు పెట్టినాక పిండం పైకి తేలి అక్కడే పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది, ఇంగ కదిలేది లేదు. మొసలి గుడ్డులో ఇది 24 గంటల్లోనే అయిపోతుంది, అతుక్కున్న చోట పెంకు మీద సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ లేస్తుంది, రోజులు గడిచేకొద్దీ ఆ మచ్చ పట్టీలాగా గుడ్డు చుట్టూ పాకుతుంది, దాన్ని చూసే లోపల బతికుందో లేదో చెప్పేస్తారు. అట్లా అతుక్కున్న గుడ్డును తలకిందులు చేస్తే పిండం అడుక్కు పోయి, పచ్చసొన బరువంతా దాని మీద పడి, పొరలు చినిగిపోతాయి. నేను రోజుకు రెండుసార్లు చేసిన పని అదే.

కోడి పద్ధతి వేరు. 21 రోజులు మీద కూర్చుని వేడి తానే ఇస్తుంది, తిప్పేది తానే, లేచి తిరిగొచ్చి సర్దుకునేది తానే. తొండ అట్లా కాదు, గుంత తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి ఎగదోసి పోతుంది, మళ్లా ఆ పక్కకు రాదు. అప్పట్నుంచి వేడి, తేమ, గాలి అన్నీ ఆ మట్టి ఇవ్వాల్సిందే. సరీసృపాలు ఎట్లా పెరుగుతాయో అర్థం కావాలంటే ముందు ఈ సంగతి పట్టుకోవాల, వాటికి గుడ్లు పెట్టేది తల్లి, పొదిగేది నేల. కాబట్టి నేల కొంచెం అటూ ఇటూ అయితే లోపలుండే పిల్ల కూడా అటూ ఇటూ అవుతుంది. ఎంతవరకూ అవుతుందంటే, ఆడదా మగదా అనేంతవరకు.

ముందు లోపల ఏముంటుందో చూద్దాం. కప్ప గుడ్లకు పెంకు లేదు, కుంటలో నీళ్లు ఎండితే అవీ ఎండిపోతాయి. దాదాపు 31 కోట్ల ఏళ్ల కిందట కొన్ని జంతువులు ఆ బాధ లేకుండా నీళ్లను గుడ్డులోనే పెట్టి పొర కట్టేయడం మొదలుపెట్టినాయి. పిండం చుట్టూ నీళ్ల సంచి ఒకటి ఉంటుంది, అది మనకు తెలియనిదేం కాదు, కాన్పుల ఆసుపత్రిలో "ఉమ్మనీరు తక్కువుంది" అంటారే, అదే ఉమ్మనీటి సంచి, బల్లి నుంచి మనదాకా ఒకటే ఏర్పాటు. ఇంకో సంచిలో పచ్చసొన, అంటే పిల్లకు కట్టిచ్చిన సద్ది. మూడోది చెత్త సంచి, పిండం విడిచే వ్యర్థాలన్నీ దాంట్లోకి పోతాయి. వీటన్నిటినీ చుట్టుకోని పెంకుకు ఆనుకోని నాలుగో పొర. చెత్త సంచి పెరిగి పెరిగి ఈ బయటి పొరతో కలిసిపోయి రక్తనాళాల వల అల్లుకుంటుంది, పెంకులోని సన్న రంధ్రాల గుండా గాలి పీల్చేది ఆ వలే, అంటే పుట్టేదాకా పిల్లకు ఊపిరితిత్తి పని చేసేది దాని చెత్తబుట్టే. మరి చెత్త లోపలే ఉంటే విషం ఎక్కదా అంటే, బల్లి రెట్ట చూసుంటారు కదా, నల్లటి దాని కొసన తెల్లగా సున్నం చుక్క ఉంటుంది, అది దాని మూత్రమే, నీళ్లలో కరగని పొడి రూపంలో. గుడ్డులో కూడా కొంతవరకు అట్లే గడ్డకట్టి ఒక మూల పడుంటుంది, అందుకే హాని తక్కువ.

తొండ, పాము గుడ్ల పెంకు తోలులాగా ఉంటుంది, మట్టిలో తడి ఉంటే పీల్చుకోని ఉబ్బుతుంది. పెట్టినప్పటి కంటే పిల్ల బయటికొచ్చే నాటికి గుడ్డు పెద్దదై, బరువు పెరిగి ఉంటుంది, కోడిగుడ్డుకు సరిగ్గా రివర్స్, అది రోజురోజుకూ బరువు తగ్గుతుంది. మట్టి మరీ పొడిగా ఉంటే పిల్లలు చిన్నవి పుడతాయి, ఇంకా పొడిగా ఉంటే పుట్టవు. మా నాయన పాదు తీసిన చోట నేల తడిగా ఉండేది, డ్రిప్పు లేని రోజులు, కడవలతో నీళ్లు పోసేవాళ్లం. తొండ ఆ చోటు ఎందుకు ఎంచుకుందో ఇప్పుడు తెలుస్తా ఉంది.

ఇంట్లో బల్లి లెక్క వేరే. పోయిన ఎండాకాలం తిరుపతిలో మా ఇంటి హాల్లో స్విచ్ పనిచేయక ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే అతను బోర్డు విప్పి నవ్వుతా "అన్నా, ఇందులో బల్లి కాపురం పెట్టేసిందన్నా" అన్నాడు. వైర్ల వెనక బఠానీ గింజంత రెండు తెల్లటి గుడ్లు, పక్కనే పగిలిన పాత పెంకులు ఆరేడు. ఆ దుమ్ములో, తిరుపతి మే నెల ఎండలో, చుక్క తడి లేని ప్లాస్టిక్ పెట్టెలో. మా ఆవిడ పారేయమంది. నేను ముందు పెన్సిల్‌తో రెండిటి మీదా పైవైపు చిన్న చుక్క పెట్టి, చుక్క పైకే ఉండేట్టు ఒక అగ్గిపెట్టెలోకి దూది పరిచి మార్చినా. చిన్నప్పటి పద్నాలుగు గుడ్ల అప్పు కదా.

బల్లి గుడ్డు పెంకు గట్టిది. పెట్టేటప్పుడు మెత్తగా ఉంటుంది, గాలి తగిలినాక గట్టిపడుతుంది, ఆ తర్వాత బయట తడితో దానికి పెద్దగా పని లేదు, కావాల్సిన నీళ్లు ముందే లోపల పెట్టుకోని వస్తుంది. కాకపోతే ఆ పెంకుకు కాల్షియం కావాల. రాత్రి కిటికీ అద్దం అవతల కడుపుతో ఉండే బల్లి వాలినప్పుడు లోపల్నుంచి చూడండి, పొట్ట చర్మం గుండా రెండు గుడ్లూ తెల్లగా కనపడతాయి, అట్లే మెడకు రెండు పక్కలా గవదబిళ్లలు లేచినట్టు తెల్లటి ఉబ్బులు ఉంటాయి. అది జబ్బు కాదు, పెంకు కోసం దాచిపెట్టుకున్న కాల్షియం మూటలు. మన తిరుమల కొండల్లో ఉండే బంగారు బల్లి కూడా ఈ గట్టి పెంకు రకమే. 1870లో బెడ్డోమ్ అనే ఆయన మన కొండల్లోనే దాన్ని చూసి రాసినాడు, తర్వాత వందేళ్లకు పైగా దాని జాడ సరిగ్గా లేక, 1980ల్లో మళ్లా ఇక్కడే దొరికింది. అది గుడ్లను బండ చీలికల్లో రాయికే అతికించేస్తుంది, చానా బల్లులు ఒకే చోట. రాయికి అతికిన గుడ్డును ఎవరూ తిప్పలేరు, ఆ విధంగా నాలాంటి పిల్లోళ్ల నుంచి దానికి రక్షణ.

ఇంగ ఆడా మగా సంగతికి వద్దాం, దీన్ని కొంచెం నిదానంగా చెప్పాల. మనలో అయితే ఎక్స్, వై అని గర్భం నిలిచిన క్షణానే తేలిపోతుంది. 1966లో మడలీన్ షార్నియే అనే ఆమె ఆఫ్రికాలో సెనెగల్ దేశంలో మన తొండ కుటుంబానికే చెందిన ఒక బల్లి గుడ్ల మీద పనిచేస్తా, గుడ్లు ఉన్న వేడిని బట్టి పిల్లలు ఆడవా మగవా అనేది మారుతోందని చూసింది. అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత తాబేళ్లలో, మొసళ్లలో అదే కనపడేసరికి అందరూ వెనక్కి తిరిగి చూసినారు.

మనకు దగ్గర ఉదాహరణే చెప్తా. స్కూల్ ఎక్స్‌కర్షన్ మహాబలిపురం పోయినప్పుడు దారిలో మొసళ్ల పార్కు చూపిస్తారు కదా, 1976లో మొదలైన మద్రాస్ క్రోకడైల్ బ్యాంక్. అక్కడ మన మగ్గర్ మొసలి గుడ్లను రకరకాల వేడిలో పొదిగించి చూసి 1989లో బయటపెట్టింది ఏందంటే, 28 నుంచి 31 డిగ్రీల దాకా పుట్టినవన్నీ ఆడవే, 32.5 డిగ్రీల దగ్గర పుట్టినవి మగవి. తేడా ఎంతా అంటే ఒకటిన్నర డిగ్రీ. మనకు మామూలు ఒంటి వేడికీ జ్వరానికీ ఉండేంత తేడా, అంతే. సముద్ర తాబేళ్లకు ఇది వేరేగా ఉంటుంది, ఇసక చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి, 29 డిగ్రీల అటూ ఇటూగా సగం సగం. మన తొండయితే ఇద్దరినీ మించింది, ధార్వాడ్‌లో కర్ణాటక యూనివర్సిటీ వాళ్లు దీన్ని ఏళ్ల తరబడి చూసి తేల్చింది ఏమంటే వేడి పెంచుకుంటా పోతే ముందు ఆడ, తర్వాత మగ, మళ్లా ఆడ, మళ్లా మగ. చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నా.

ఇది ఎట్లా జరుగుతుందంటే, మొదట్లో పిండంలో ఆడా మగా కాని ఒక ముద్ద ఉంటుంది, అది వృషణం కావచ్చు, అండాశయం కావచ్చు. పొదిగే కాలాన్ని మూడు భాగాలు చేస్తే మధ్య భాగంలో ఉండే వేడే దాన్ని ఎటో ఒకవైపు నెడుతుంది, ముందూ వెనకా ఎంత వేడున్నా దీని మీద పెద్దగా ప్రభావం లేదు. మగ హార్మోన్‌ను ఆడ హార్మోన్‌గా మార్చే అరోమటేజ్ అనే ఎంజైమ్ ఒకటి ఉంది, అది ఎక్కువ తయారైతే అండాశయం వైపు, తక్కువైతే వృషణం వైపు. కానీ వేడి సంగతి జన్యువులకు ఎవరు చేరవేస్తారు అనేది చానా కాలం తెలియలేదు. 2018లో ఎర్రచెవుల తాబేలులో, అదే అక్వేరియం షాపుల్లో అమ్మే చిన్న పచ్చ తాబేలు, ఒక దారి దొరికింది. చల్లగా ఉన్నప్పుడు ఒక జన్యువు చురుగ్గా ఉండి, మగతనానికి సంబంధించిన ఇంకో జన్యువు మీద వేసున్న తాళం తీస్తుంది. ఆ మొదటి జన్యువును అణిచేస్తే, చల్లటి గుడ్ల నుంచి కూడా చానావరకు ఆడ తాబేళ్లే వచ్చినాయి. అంటే పిల్లకు రెండు దారుల సామానూ లోపలే ఉంటుంది, ఏ మూట విప్పాలో నేల చెప్తుంది.

అందుకే ఎండలు ముదిరితే వీటికి వచ్చే కష్టం మనం ఊహించే రకం కాదు. గుడ్లు మాడిపోవడం తర్వాతి మాట, సముద్ర తాబేళ్లలో అయితే ముందు మగవి పుట్టడం ఆగిపోతుంది. ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తరం వైపు పచ్చ తాబేళ్లను పరీక్షిస్తే, 2018లో వచ్చిన లెక్క ప్రకారం వయసుకు రాని వాటిలో 99 శాతానికి పైగా ఆడవే. మన తిరుపతి జిల్లాకు ఇప్పుడు శ్రీహరికోట వైపు సముద్రం కూడా ఉంది కదా, ఆ తీరానికి కూడా ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర్లో వచ్చి ఒక్కొక్కటీ వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి పోతాయి. నక్కలూ కుక్కలూ తినకుండా గుడ్లను తీసి వేరేచోట పాతే హేచరీల్లో పైన నీడ వేయాలా వద్దా అనే చిన్న నిర్ణయమే ఆ బ్యాచ్‌లో ఎన్ని మగవి అనేదాన్ని మార్చేస్తుంది.

పాములకు మాత్రం ఈ గోల లేదు, వాటిది మనలాగా క్రోమోజోముల లెక్కే, కాకపోతే ఎక్కువ పాముల్లో రెండు రకాల క్రోమోజోములు ఉండేది ఆడదానికి. ఒక్క పాము ఈ ఆడా మగా గొడవే పెట్టుకోలేదు, పూలకుండీ ఎత్తితే కింద వానపాములాగా నల్లగా మెలికలు తిరుగుతా పారిపోతుందే, గుడ్డిపాము. దాంట్లో మగవే లేవు. అన్నీ ఆడవే, జత లేకుండానే గుడ్లు పెడతాయి, పిల్లలూ ఆడవే. 1796లో ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టర్ విశాఖపట్నం వైపు పాములను బొమ్మలు వేయించి తెలుగువాళ్లు పిలిచే పేర్లతోనే అచ్చువేసినాడు, అందులో దీని పేరు రెండు తలల పాము. ఇప్పుడు లక్షలు పలుకుతుందని మోసగాళ్లు బస్తాలో పట్టుకోని తిరిగే రెండు తలల పాము ఇది కాదు, అది ఇసకలో ఉండే ఇంకోటి, దాని తోక మొండిగా ఉండటం తప్ప అందులో ఏ మహిమా లేదు.

గుడ్డులో పాము పాముగా ఎట్లా తయారవుతుందో కూడా చూడాల్సిందే. ఏ జంతువుకైనా పిండం వీపు వెంబడి తల వైపు నుంచి తోక వైపుకు పూసలు గుచ్చినట్టు ముద్దలు ఒకటొకటిగా ఏర్పడతాయి, వెన్నుపూసలు వాటి నుంచే వస్తాయి. ఒక్కో ముద్ద తెగడానికి కణాల్లో ఒక గడియారం లాంటిది టిక్కుమని కొడుతుంది. ఎలుకలో ఇవి 65, మనలో 40కి అటూ ఇటూగా, కార్న్ స్నేక్ అనే అమెరికా పాములో 315. 2008లో దీన్ని కొలిచి చూస్తే పాము పెరిగే వేగంతో పోల్చినప్పుడు దాని గడియారం బల్లి కంటే సుమారు నాలుగు రెట్లు తొందరగా కొడుతోంది. పిండి ఎక్కువేం లేదు, ముక్కలు సన్నగా కోసినారు, అంతే. కాళ్ల సంగతీ అట్లాంటిదే. కొండచిలువ పిండానికి వెనక కాళ్ల మొగ్గలు మొలుస్తాయి, కొన్నాళ్లకు ఆగిపోతాయి, పెద్దదైనాక తోక మొదట్లో రెండు గోళ్లలాగా మిగులుతాయి. కాలు పెరగమని చెప్పే జన్యువు పాములో పోలేదు, దాన్ని ఆన్ చేసే స్విచ్ పాడైంది. 2016లో నాగుపాము జాతి స్విచ్‌ను ఎలుక పిండంలో పెట్టి చూస్తే ఎలుకకు కాళ్లు మొండిగా వచ్చినాయి.

అన్నీ నేలను నమ్ముకోవు. కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకోని, కండరాలను వణికించి వణికించి వేడి పుట్టిస్తుంది, మనం చలికి వణికినట్టే. రక్తపింజరి అయితే గుడ్లు బయట పెట్టనే పెట్టదు. ఆరు నెలలు అటూ ఇటూగా కడుపులోనే మోసి, పల్చటి పొరలో చుట్టిన పిల్లల్ని ఒకేసారి 20, 40 కంటుంది, అవి పొర చించుకోని అప్పుడే కాటు వేయగలవు. మన చెనక్కాయ చేలల్లో వానలు మొదలై విత్తనం పడే రోజుల్లోనే ఇవి ఎక్కువగా పుడతాయి, జానెడు పొడవే ఉంటాయి, కంది పుల్లల్లో కలిసిపోతాయి, చిన్నది కదా అని చెప్పులేసి తొక్కే పని పెట్టుకోవద్దు. కడుపులో పెట్టుకుంటే తల్లి ఎండకు పోయి, నీడకు పోయి తనకు కావాల్సిన వేడిని తానే చూసుకోవచ్చు. బల్లులు, పాముల చరిత్రలో ఈ పద్ధతి వేర్వేరుగా వందసార్లకు పైగా పుట్టింది. మొసళ్లలో, తాబేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

బయటికొచ్చే రోజు దగ్గరపడితే మిగిలిన పచ్చసొన మొత్తాన్ని పిల్ల పొట్టలోకి లాక్కుంటుంది. బల్లులకూ పాములకూ పై పెదవి కింద ముందుకు పొడుచుకొచ్చిన ఒక పన్ను ఉంటుంది, అది గుడ్డు కోయడానికే, పని అయినాక రాలిపోతుంది. మన ఇంటి బల్లి లాంటి వాటికి అవి రెండు. మొసలి, తాబేలుకు పన్ను కాదు, ముక్కు కొసన గట్టిపడిన చర్మం. మొసలి పిల్లలు లోపల్నుంచే అరుస్తాయి, ఒకదాని కేక విని ఇంకోటి, ఆ గోల విని తల్లి వచ్చి ఇసక తవ్వుతుంది, నోట్లో పెట్టుకోని నీళ్ల దగ్గరికి మోసుకుపోతుంది.

ఆ తర్వాత పెరగడం కూడా వేడి, తిండి మీదే ఆధారం, వయసు మీద కాదు. ఒకే గుంతలో పుట్టిన రెండు పాములు రెండేళ్లకు ఒకటి చేతికర్రంత, ఒకటి దానిలో సగం ఉండొచ్చు. చలికాలం పెరుగుదల మందగించిన గుర్తు ఎముకలో గీతలాగా పడుతుంది, చెట్టు కాండం కోస్తే వలయాలు కనపడినట్టు. చచ్చేదాకా పెరుగుతానే ఉంటాయని మనకు చెప్తారు గానీ అది అన్నిటికీ నిజం కాదు, ఎక్కువ వాటిలో పెద్దయ్యేకొద్దీ పెరిగేది నామమాత్రమైపోతుంది, కొన్ని అయితే పూర్తిగా ఆగిపోతాయి. పాము చర్మం పై పొర ఒంటితో పాటు పెరగదు, అందుకే కుబుసం. దానికి కొన్ని రోజుల ముందు పాత పొరకూ కొత్త పొరకూ మధ్య ద్రవం ఊరి కళ్లు నీలంగా, పాలు కలిపినట్టు మసకబారతాయి, పాముకు రెప్పలు లేవు, కంటి మీద ఉండే పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతో పాటే ఊడుతుంది. కంచెలో దొరికిన కుబుసం తల వైపు పట్టుకోని చూడండి, కళ్లజోడు అద్దాల్లాగా రెండు గుండ్రాలు ఉంటాయి. పొడవు కొలిచి "ఆరడుగుల పాము తిరుగుతోంది" అని ఊరంతా చెప్పకండి, ఊడేటప్పుడు అది సాగుతుంది. పిల్లపాములు తొందరగా పెరుగుతాయి కాబట్టి తొందర తొందరగా విడుస్తాయి, పెద్దవి ఏడాదికి కొన్నిసార్లే.

అగ్గిపెట్టెలో గుడ్లకు నెలన్నర దాటినాక ఒక రాత్రి ఫోన్ టార్చి వెనక నుంచి పెట్టి చూస్తే ముందు కనపడిన ఎర్రటి నరాల వల లేదు, మొత్తం నల్లగా నిండిపోయి ఉంది. నాలుగు రోజులకు పొద్దున చూస్తే ఒక పెంకు ఖాళీ. పిల్ల ఎటు పోయిందో తెలియలేదు, రెండు రోజుల తర్వాత పూజగది ట్యూబ్‌లైట్ పక్కన చిటికెన వేలంత ఒకటి దోమ కోసం కాపు కాస్తా కనపడింది, అదే అని మా ఆవిడ అంటుంది. రెండో గుడ్డు అట్లే ఉంది, పెన్సిల్ చుక్క పైకే.